లావుసన్నం అక్షరం, దేవదానం కళ్ళు

రాజమండ్రిలో ఒకే ప్రెస్సులో ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. సీసం అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి పేర్చే కంపోజిటరుగా చేరాను, కంప్యూటరు ముందు కూర్చునే డిజైనరుగా బయటికి వచ్చాను. ఈ రెంటి మధ్యా ఏ ఏడు ఏ సీటులో కూర్చున్నానో చెప్పడం మొదలెడితే మా ఇంట్లో వాళ్ళే లేచి వెళ్ళిపోతారు, ఇంక మీరెందుకు వింటారు.

డిజైనింగు నేర్చుకుని కొత్తగా ప్రెస్సుల్లో చేరే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. ఏ ఫాంటు వాడితే బాగుంటుందండీ అని అడుగుతారు. ఏది ఎక్కడ వాడకూడదో మాత్రం ఎవరూ అడగరు. వాళ్ళు అడగని ఆ ప్రశ్నకి జవాబుగా ఇది రాస్తున్నాను. ఇందులో నేను చేసిన తప్పు ఒకటుంది. దానివల్ల కళ్ళు నిక్షేపంలా ఉన్న చాలామంది కళ్ళజోళ్ళు పెట్టుకుని తిరిగారు. ఒక కాలేజీ బస్సు డ్రైవరుకి ఉద్యోగం ఊడేదాకా వచ్చింది.

ఆ అక్షరం సంగతి

దానికో విదేశీ పేరుంది. మా ప్రెస్సులో ఆ పేరుని ఇద్దరు ఒకేలా పలికిన పాపాన పోలేదు. మా ఓనరు సత్తిరాజు గారు విసుగెత్తి లావుసన్నం అన్నారు, అదే స్థిరపడిపోయింది. ఇంగ్లీషు అక్షరాల్లో అదొక జాతి. నిలువు గీత బాగా లావుగా ఉంటుంది, అడ్డగీత దారప్పోగంత సన్నంగా ఉంటుంది. మధ్యరకం అన్నది దానికి తెలీదు. H తీసుకోండి, రెండు స్తంభాలు, వాటి మధ్య ఒక దారం. O అయితే రెండు బుగ్గలూ ఉబ్బి, నెత్తి దగ్గరా గడ్డం దగ్గరా చిక్కిపోయి ఉంటుంది. ప్రతి గీత చివరా పాదంలా ఒక చిన్న అడ్డగీత, అది కూడా దారమే.

అందంలో దాన్ని కొట్టే అక్షరం లేదు, ఆ మాట ఇప్పటికీ అంటాను. కాకపోతే పెద్దింటి అల్లుడు గారిలాంటిది. దానికి చుట్టూ జాగా కావాలి, నున్నటి కాగితం కావాలి, మంచి సిరా కావాలి. పెద్ద సైజులో, నాలుగు మాటలు మించకుండా, చేతిలో పట్టుకుని చూసే వస్తువు మీద వేస్తే రాజులా కూర్చుంటుంది. శుభలేఖ మీద వధూవరుల పేర్లకి వాడండి. పట్టుచీరల కొట్టు సంచి మీద, సెంటు సీసా డబ్బా మీద, పత్రిక ముఖచిత్రం మీద వాడండి. కరపత్రానికి వద్దు. నల్లటి రంగు మీద తెల్లటి అక్షరాలుగా అసలే వద్దు, సిరా పొంగి ఆ దారాలన్నిటినీ మింగేస్తుంది. మందుల డబ్బాలో పెట్టే చీటీకీ, దూరం నుంచి చూసే బోర్డుకీ వాడితే మీరు పాపం మూటగట్టుకున్నట్టే.

సత్తిరాజు గారికి ఒక అలవాటుండేది. అచ్చుకి ముందు నమూనాగా ప్రూఫు తీయగానే అది పట్టుకుని రోడ్డు మీదికి వెళ్ళి, దారినపోయే మనిషిని ఎవర్నో ఒకర్ని ఆపి, ఇందులో ఏముందో చదివిపెట్టండి అని అడిగేవారు. పెరుగమ్మే ఆవిడా, గ్యాసు బండలు మోసేవాడూ, ఒకసారి ట్రాఫిక్ కానిస్టేబులూ కూడా మా ప్రూఫులు చదివారు. లోపల మేం పదిమందిమి ఉండగా బయటివాళ్ళని అడగడమేంటండీ అని నేను ఒకసారి అలిగాను. మీరు చదవరయ్యా, అందులో ఏముందో మీకు ముందే తెలుసు కాబట్టి అప్పజెబుతారు అన్నారాయన. ఆయన ఇంటిపట్టున ఉండిపోయాక ప్రెస్సులో ఆ అలవాటు మాన్పించింది నేనే. పరువు తక్కువగా ఉందని మాన్పించాను.

పూతరేకుల డబ్బా

రిటైరయ్యే ముందు ఏడాది ఒక పూతరేకుల వ్యాపారి డబ్బా చేసిపెట్టమని వచ్చాడు. డబ్బా మీద నెయ్యి గిన్నె బొమ్మ, బెల్లం దిమ్మ బొమ్మ, అన్నిటికీ మించి ఆయన బొమ్మ ఉండాలన్నాడు. నేను మూడూ తీసేసి, మీగడ రంగు అట్ట మీద కొట్టు పేరొక్కటే లావుసన్నంలో వేశాను. ఆ గీతలు రేకంత సన్నగా ఉన్నాయని జనం చెప్పుకున్నారు. పూతరేకులు తినేసి డబ్బాలు దాచుకున్నారు. పెళ్ళిళ్ళలో ఆ డబ్బా చూసి, ఇది ఎవరు చేశారని నన్ను వెతుక్కుంటూ వచ్చేవారు. ఆ ఏడాదంతా నా కాళ్ళు నేలమీద లేవు.

అలా వెతుక్కుంటూ వచ్చిన వాళ్ళలో కంటి డాక్టరు సోమయాజులు గారు ఒకరు. కోనసీమ మనిషి, హస్తవాసి మంచిదని పేరు. శుక్లం ఆపరేషన్ చేయించుకున్న వాళ్ళు ఆయనకి దణ్ణం పెట్టుకుంటారు. కొత్త ఆస్పత్రి కట్టుకుంటున్నారు. ఖాళీ పూతరేకుల డబ్బా నా బల్ల మీద పెట్టి, నా ఆస్పత్రి మొత్తం ఇలా ఉండాలండీ అన్నారు. నేను అప్పుడే కుర్చీలోంచి లేచి వద్దనాల్సింది. లేచి ఆయనకి కాఫీ తెప్పించాను.

మొదట మందుల చీటీ చేశాను. తర్వాత బయటి బోర్డు. తర్వాత ప్రతి గది తలుపుకీ ఒక పలక, నర్సుల పేర్ల బిళ్ళలు, చెప్పులు విడిచే చోటు, చేతులు కడిగే చోటు అన్నీ లావుసన్నమే. దారి చూపే బాణాలు కూడా ఆ అక్షరానికి జోడీగా ఉండాలని వాటి కాడల్ని వెంట్రుకంత సన్నగా గీశాను. నాలుగడుగుల దూరంలో కాడ మాయమై, బాణం మొన మాత్రం గోడ మీద సమోసాలా మిగిలింది. పేషెంట్లు సమోసా చూసుకుంటూ నడిచి మందుల కొట్టు బదులు లిఫ్టులోకి వెళ్ళేవారు. మన గోదావరి వాళ్ళు కదా, తప్పు దారి అని ఒక్కరూ అనలేదు. లిఫ్టు చాలా బాగుందండి అని చెప్పి దిగేవారు.

చివర్లో డాక్టరు గారు పరీక్ష గదిలో చార్టు ముందు నిలబడ్డారు. కంటి చార్టు మీరు చూసే ఉంటారు. ఇంగ్లీషు E అక్షరాన్ని నాలుగు దిక్కులకీ తిప్పి, పైన పెద్దవి, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి అచ్చేస్తారు. ఆరు మీటర్ల దూరంలో కూర్చుని, E కాళ్ళు ఎటువైపున్నాయో చేత్తో చూపిస్తే చాలు. చదువు రాకపోయినా ఫరవాలేదు. ఆ పాత చార్టులో అక్షరం మొరటుగా, మూడు కాళ్ళూ ఒంటి కొయ్యలా లావుగా ఉంది.

"ఇంత అందమైన గదిలో ఇదొక్కటే దిష్టిబొమ్మలా ఉందండీ" అన్నారు డాక్టరు గారు.

ఇప్పుడు లావుసన్నంలో E ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. ఒక లావు స్తంభం, దానికి మూడు దారాలు. ఏ వైపు తిప్పినా స్తంభం స్తంభమే, దారాలు దారాలే. ఆ మూడు కాళ్ళూ కనపడటం కోసమే ఆ చార్టు ఉన్నది. ఈ సంగతి చిన్నపిల్లాడికైనా తడుతుంది. నాకు తట్టలేదు, వేల కళ్ళకి ఆపరేషన్ చేసిన సర్జనుకీ తట్టలేదు. మేమిద్దరం బల్ల దగ్గర నిలబడి, అడుగు దూరం నుంచి దాన్ని చూసుకుని మురిసిపోయాం. మీగడ రంగు కాగితం, టేకు చట్రం, అద్దం. నా జన్మలో అంత అందమైన పని చెయ్యలేదనుకున్నాను. రోడ్డు మీద ఎవరికీ చూపించలేదు.

డెల్టా చూపు

చార్టు పెట్టిన మొదటి వారంలోనే ఊళ్ళో చూపు పడిపోయింది.

వచ్చిన పేషెంటల్లా పై రెండు వరసలు చూపించి, మూడో వరసలో ఆగిపోయేవాడు. కాళ్ళు ఎటున్నాయని అడిగితే, కాళ్ళు లేవండి అనేవాడు. పరీక్ష చేసే సిస్టరు పేరు సునీత. ఆ అమ్మాయి బెత్తంతో చార్టు పక్కనే నిలబడుతుంది కాబట్టి ఆమెకి అన్ని కాళ్ళూ కనిపిస్తాయి. డాక్టరు గారికి చార్టు మొత్తం నోటికి వచ్చు కాబట్టి ఆయనకి గది అవతల నుంచి కూడా కనిపిస్తాయి. ఇంక కనపడంది పేషెంట్లకే.

పేషెంట్లు కూడా మర్యాదస్తులు. కనపడట్లేదంటే డాక్టరు గారు బాధపడతారేమోనని కొంతమంది చెయ్యి ఏదో ఒక వైపు చూపించేవారు. సామర్లకోట నుంచి వచ్చిన ఒక పెద్దాయన రెండు చేతులూ రెండు వైపులకీ చాపి, మీరు ఎటంటే అటేనండి అన్నాడట.

కన్ను లోపల చూస్తే ఏ దోషమూ లేదు. కంప్యూటరు మిషను కూడా చూపు బాగుందనే చెప్పింది. డాక్టరు గారు మిషను పాడైందని కంపెనీకి పంపించారు. వాళ్ళు బాగానే ఉందని తిరిగి పంపారు. మళ్ళీ పంపించారు. మిషనూ బాగుండి, కన్నూ బాగుండి, చూపు లేదంటే ఇది కొత్త జబ్బేనని ఆయన నిర్ణయించుకుని, మన గోదావరి డెల్టాలో పుట్టింది కాబట్టి దానికి డెల్టా చూపు అని పేరు కూడా పెట్టారు. గాలిలో తేమ వల్ల కావచ్చన్నారు. సెల్‌ఫోన్ల వల్ల కావచ్చన్నారు. తీపి తగ్గించమని అందరికీ చెప్పేవారు. ఏ అద్దం వేసినా ఆ దారాలు కనపడవు కాబట్టి, ఉన్నవాటిలో తేలికపాటి అద్దం ఒకటి రాసి, ఆర్నెల్ల తర్వాత రమ్మనేవారు. ఊళ్ళో కళ్ళజోళ్ళు పెరిగాయి. నేనూ గమనించాను, గమనించి ఫోన్ల వల్లే అనుకున్నాను.

కుర్చీలో కూర్చున్న రోజు

ఒక సోమవారం మందుల చీటీల కట్టలు ఇవ్వడానికి ఆస్పత్రికి వెళ్ళాను. డాక్టరు గారు ఆపరేషన్‌లో ఉన్నారు. పరీక్ష గదిలో ఫ్యాను బాగా తిరుగుతోందని వెళ్ళి పేషెంటు కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా గోడ మీద నా చార్టు ఉంది.

పై రెండు వరసలు దాటాక లావు స్తంభాలే, కొన్ని నిలువుగా, కొన్ని అడ్డంగా కనిపించాయి. అంతే. కంచె వేసినట్టు, అగ్గిపుల్లలు పారబోసినట్టు గీతలు. కళ్ళు నులుముకుని చూశాను, చిట్లించి చూశాను. లేచి చార్టు దగ్గరికి నడిస్తే మూడడుగుల దూరంలో కాళ్ళు మొలిచాయి. వెనక్కి నడిస్తే పోయాయి. అలా ముందుకీ వెనక్కీ ఎన్నిసార్లు నడిచానో తెలీదు. తలుపు దగ్గర సునీత నిలబడి ఉంది. నన్ను చూసి తల వంచుకుంది. ఆ అమ్మాయికి అనుమానం ఎప్పుడో వచ్చిందని ఆ తల వంచుకోవడంతోనే తెలిసింది.

నేను ఎవరికీ చెప్పకుండా ఇంటికి వచ్చేశాను. ఎందుకు చెప్పలేదో నిజం చెబుతాను, ఈ రాతంతా ఆ నిజం కోసమే. రిటైర్మెంటుకి నెల రోజులుంది. నాకు సన్మానం ఏర్పాటు చేస్తున్నారు, ఆ రోజు నా పనులన్నీ గోడ మీద పెడతారట, అందులో నడిమధ్యన ఉండేది ఆ చార్టే. నెల రోజులు నోరు మూసుకుంటే గౌరవంగా బయటపడతాను అనుకున్నాను. డాక్టరు గారే ఎప్పుడో ఒకప్పుడు కనిపెడతారులే అని నాకు నేను చెప్పుకున్నాను.

ఇక్కడ దేవదానం సంగతి చెప్పాలి. దేవదానం నది అవతల నేనుండే కొవ్వూరు మనిషే, లూథరన్ చర్చి వీధిలో ఉంటాడు, రాజమండ్రిలో ఒక కాలేజీ బస్సు తోలతాడు. బస్సు మా ఊళ్ళోనే ఉంచుకుంటాడు కాబట్టి పొద్దున్నే మొదటి స్టాపులో నన్నూ ఎక్కించుకునేవాడు. పన్నెండేళ్ళుగా గోదావరి వంతెన మీద అతని పక్క సీటు నాది. గొంతు మంచిది, ఆదివారం చర్చిలో వాక్యం చదివేది అతనే. బస్సులో పిల్లలు అల్లరి చేస్తే అదే గొంతుతో ఒక్కమాట అనేవాడు, అందరూ కూర్చునేవారు.

ఆ నెలలో బస్సు మీద ఎవరో కొత్త డ్రైవరు కనిపించాడు, నాకోసం ఆపలేదు. దేవదానం సెలవు పెట్టాడనుకున్నాను. నేను కుర్చీలో కూర్చున్న నాలుగో రోజు షేర్ ఆటోలో అతను నా పక్కన కూర్చున్నాడు. డ్రైవర్లందరూ కంటి పరీక్ష సర్టిఫికెట్ తేవాలని కాలేజీ వాళ్ళు అడిగారట. సోమయాజులు గారి దగ్గరికి వెళ్తే మూడో వరస దాటలేకపోయాడట. స్టీరింగు మీంచి దింపేసి గేటు దగ్గర కూర్చోబెట్టారు. నెలాఖరుకి మళ్ళీ పరీక్ష, అందులో కూడా తప్పితే ఇక శాశ్వతంగా గేటే.

"దగ్గరివన్నీ బానే కనపడతన్నాయండి గురువు గారూ. దూరంవి కూడా నాకైతే బానే ఉన్నట్టుందండి. కానీ డాక్టరు గారు చదువుకున్నోరు కదండి" అన్నాడు.

ఆయన మంచి డాక్టరేనయ్యా, నెమ్మదిగా తగ్గిపోతుంది అన్నాను. ఆ మాట అన్న నోరు నాదే. ఆటో దిగి ప్రెస్సుకి వెళ్ళి, ఆ రోజు ఇద్దరి శుభలేఖలు కంపోజు చేశాను.

ప్రూఫు

నేను కుర్చీలో కూర్చున్న పదకొండో రోజున డాక్టరు గారి నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. సామర్లకోట, పెద్దాపురం వైపు స్కూళ్ళలో పిల్లలకి డెల్టా చూపు ఎంతవరకు పాకిందో తేల్చాలట. ఇరవై చార్టులు కావాలి. ప్రూఫు సాయంత్రానికల్లా తెచ్చి చూపించమన్నారు. ప్రతి క్లాసులోనూ బెంచీల నిండా కళ్ళజోళ్ళు పెట్టుకున్న పిల్లలు నా కళ్ళముందు కనిపించారు. సన్మానం సంగతి ఆ క్షణంలో మర్చిపోయాను.

అయితే డాక్టరు గారికి నోటితో చెబితే లాభం లేదు. మిషను చెప్పినా నమ్మని మనిషి. సత్తిరాజు గారి పద్ధతి గుర్తొచ్చింది. అదే చార్టు, అవే సైజులు, దిక్కులు మాత్రం మొత్తం మార్చేసి కొత్త ప్రూఫు తీశాను. ఆస్పత్రికి వెళ్ళి సునీతకి ఇచ్చి, పాతది తీసి ఇది చట్రంలో పెట్టమ్మా అన్నాను. ఆ అమ్మాయి ఎందుకని అడగలేదు. పది రోజులుగా ఎవరైనా ఆ మాట అంటారేమోనని ఎదురుచూస్తున్నట్టు చకచకా మార్చేసింది.

ఆ వేళకి దేవదానం కూడా అక్కడే ఉన్నాడు, రెండో పరీక్షకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, చేతిలో బైబిలుంది. డాక్టరు గారు రాగానే, ప్రూఫు చట్రంలో పెట్టామండి, పేషెంటు కుర్చీలోంచి మీరొకసారి చూసి ఒప్పుకుంటే అచ్చుకి ఇచ్చేస్తాను అన్నాను.

డాక్టరు గారు కుర్చీలో కూర్చుని, ఒక కన్ను మూసుకుని, చేత్తో దిక్కులు చూపించడం మొదలెట్టారు. కుడి, కింద, పైన, ఎడమ. ఎక్కడా తడబాటు లేదు. సునీత బెత్తం పెడుతూ, కాదండి, కాదండి, కాదండి అంటోంది. రెండో కన్ను మూసుకుని మళ్ళీ చూపించారు. మళ్ళీ కాదండి. ఆయన లేచి చార్టు దగ్గరికి నడిచి వెళ్ళి, ఒక్కొక్క E మీదా వేలు పెట్టి చూసుకున్నారు. తిరిగి వచ్చి కుర్చీలో కూలబడ్డారు.

"నాకూ వచ్చేసిందండీ" అన్నారు. "ఇది అంటువ్యాధి."

సునీతని అందరికీ మాస్కులు తెమ్మన్నారు. దేవదానం తన కుర్చీని కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. తన జబ్బు డాక్టరు గారికి అంటించానేమోనని అతని భయం. ఇంక నావల్ల కాలేదు.

"డాక్టరు గారూ, జబ్బు మీకు లేదండి. ఇతనికీ లేదు, ఊళ్ళో ఎవరికీ లేదు. జబ్బు నేను వేసిన అక్షరానికి ఉంది" అన్నాను.

స్తంభం సంగతీ, దారాల సంగతీ మొత్తం చెప్పాను. ఆయన లేచి, చార్టు దగ్గర్నుంచి ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ కాళ్ళు మాయమవడం చూసుకున్నారు. ఆ తర్వాత పాత చార్టు ఏదని అడిగారు. క్యాంటీన్లో టీ గ్లాసులు పెట్టుకునే బల్ల మీద పరిచారని సునీత చెప్పింది. గ్లాసులు దింపి, తుడిచి తెచ్చి, గోడకి మేకు కొట్టారు. దేవదానం కుర్చీలో కూర్చున్నాడు. అతను తప్పితే నా మాట కూడా తప్పని, అప్పుడు అతనికి నిజంగానే చూపు పోయినట్టని నాకు అప్పుడు తట్టింది.

కుడి, పైన, ఎడమ, ఎడమ, కింద. ఒక్కో వరస దిగుతున్నాడు. మూడో వరస దాటాడు. ఐదోది దాటాడు. చిట్టచివరి వరస కూడా ఎడమ నుంచి కుడికి చూపించేసి, ఆగి, డాక్టరు గారి వైపు తిరిగాడు.

"కింద గుండ్రంగా నాలుగు టీ మరకలున్నాయండి. అయ్యి కూడా చెప్పాలాండి?"

డాక్టరు గారు అక్కడికక్కడే సర్టిఫికెట్ రాసి సంతకం పెట్టారు. పెట్టి, లేచి నిలబడి దేవదానానికి దణ్ణం పెట్టారు. తప్పు తెలిసిన గంటలో దాన్ని దిద్దుకున్న మనిషి ఆయన. మర్నాటి నుంచి కళ్ళజోళ్ళు తీసేయండని అందరికీ ఫోన్లు చేయించారు. చాలామంది తీశారు. తియ్యనివాళ్ళూ ఉన్నారు. కళ్ళజోడు పెట్టుకున్నప్పట్నుంచీ తహసీల్దారు ఆఫీసులో కుర్చీ వేస్తున్నారని ఒకాయన తియ్యనంటే తియ్యనన్నాడు. నా చార్టుని డాక్టరు గారు ఇంటి హాల్లో పెట్టుకున్నారు. వచ్చినవాళ్ళు అది మోడ్రన్ ఆర్టు అనుకుంటారు. నా సన్మాన సభలో అది లేదు, నేనే వద్దన్నాను.

వంతెన మీద

మర్నాడు కాలేజీకి సెలవు. దేవదానం బస్సు కడిగించి ఊరికి తీసుకువెళ్తూ ప్రెస్సు ముందు ఆపాడు. ఎక్కండి గురువు గారూ అన్నాడు. ఖాళీ బస్సులో ఇద్దరమే ఉన్నాం.

బస్సు కదిలిన దగ్గర్నుంచి అతను దారిలో కనపడ్డ ప్రతి బోర్డూ పైకి చదవడం మొదలెట్టాడు. చర్చిలో వాక్యం చదివే గొంతుతోనే చదివాడు. ఇచ్చట పళ్ళు కట్టబడును. నాటుకోళ్ళు దొరుకును. ఈ గోడపై ప్రకటనలు అంటించరాదు. ట్యూషన్లు చెప్పబడును, ఆడపిల్లలకు వేరుగా. ముందు వెళ్తున్న లారీ వెనక రాసిన మాటలన్నీ చదివాడు. చౌరస్తాలో ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కింద ఉన్న ముప్పై రెండు తలకాయల పేర్లూ, బస్సు ఆపకుండా, గౌరవనీయులైన అన్న మాటతో సహా చదివేశాడు. ఇద్దరం పగలబడి నవ్వాం. నేను క్షమించబడ్డాననే అనుకున్నాను.

వంతెన ఎక్కాక తన ఇరవై రోజుల సంగతి చెప్పాడు. అదీ నవ్వుతూనే చెప్పాడు. ఎలాగూ పూర్తిగా పోతుంది కదా అని, ఇంట్లో ఎవరూ లేనప్పుడు కళ్ళు మూసుకుని నడవడం నేర్చుకున్నాడట. మంచం దగ్గర్నుంచి నూతి దగ్గరికి ఇరవై రెండు అడుగులు. ఉప్పు డబ్బా, పంచదార డబ్బా ఊపితే వచ్చే చప్పుడు బట్టి పోల్చుకునేవాడట. వాక్యం చూడకుండా చెప్పడానికి కీర్తనలు బట్టీ పట్టాడు. భార్యకి చెప్పలేదు. ఆవిడ వంట చేస్తుంటే ఎదురుగా పీట వేసుకుని కూర్చునేవాడు. ఏంటలా చూత్తన్నావని ఆవిడ అడిగితే, ఏం లేదు అనేవాడు.

"మొకం మర్చిపోకుండా ఉండాలని చూసుకునేవోణ్ణండి" అన్నాడు.

వంతెన సగం దాటింది. అతను నవ్వు ఆపి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అడిగాడు.

"తప్పు అక్షరంలో ఉందని మీకెప్పుడు తెలిసిందండి?"

నిన్ననే తెలిసింది అనొచ్చు. అతను నమ్మేవాడు. పదకొండు రోజుల కిందట అని చెప్పాను.

కాసేపు లెక్క వేసుకున్నాడు. "అంటే మనం ఆటోలో కలిసిన రోజుకి..."

"తెలుసు దేవదానం" అన్నాను.

"సరేనండి" అన్నాడు.

నాకు సిగ్గేసింది. అంతకంటే పెద్ద మాట నా దగ్గర లేదు. అతను తిడితే బాగుండును, గట్టిగా ఒక మాట అంటే బాగుండుననిపించింది. పన్నెండేళ్ళు అతని పక్క సీటులో కూర్చున్న మనిషిని నేను. వంతెన దిగి కొవ్వూరులోకి వచ్చాం. మా ఊళ్ళో వంతెన దగ్గర్నుంచి మా వీధి దాకా బోర్డులకేం కొదవ లేదు. అతను ఒక్కటీ చదవలేదు. వీధి మొగలో బస్సు ఆపి, నా వైపు తలుపు తెరిచాడు.

"మెట్టు చూసుకుని దిగండి గురువు గారూ" అన్నాడు.